నల్లా కాడ చెప్పులు

బాపూ,

నేను డిచ్‌పల్లి బస్సుకు పోతున్న. పప్పు పొయ్యి మీదుంది, వేడి చేసుకో. బోధన్ల నువ్వు కొంటనంటున్న ఆ పాత ఇంటికి ఇయ్యాల బయానా పైసలు ఇయ్యకు. ముందు ఒక వైర్‌మన్‌ను తీస్కపోయి వెనక మూడు అర్రలు చూపించు. వాస్తు చూసే అయ్యగారిని రెండుసార్లు తీస్కపోయినవు, మీటర్ డబ్బా ఒక్కసారి కూడ తెరిపించలే.

నిన్న మీరు ఇల్లుగలాయనతోని ముంగట కూసొని మాట్లాడుతుంటే నేను వెనక కిరాయికుండే లింగవ్వ దగ్గరికి పోయిన. ఆ అర్రల కరెంటుకు పర్మిషనే లేదట. ఇల్లుగలాయన ముందటి మీటర్ నుంచి గోడల వైరు గుంజిండట. ఎర్తు లేదు. మోటరేస్తే నల్లాకు షాకొస్తది.

"అందుకే మేము ఇంట్ల గూడ చెప్పులు ఇడువం బిడ్డా," అన్నది.

నువ్వేమో, "ఇంట్ల చెప్పులేసుకొని తిరుగుతున్నరు, గిదేం పద్ధతి? కొన్నంక ముందు వీళ్లనే ఖాళీ చేయించాలె," అన్నవు. అందరి ముందు నాకు నోరు రాలే. తిరిగొచ్చేటప్పుడు బస్సుల చెబుదామనుకున్న, నువ్వు అలిసిపోయి నిద్రపోయినవు. మనింట్ల నేను ఏం చెప్పాలన్నా ఇట్ల రాసిపెట్టుడే అయితది.

కొంటే కొను. కానీ కరెంటాఫీసుల పర్మిషన్ తీసుకొని, కొత్త వైరింగ్ చేయించి ఇస్తనని ఇల్లుగలాయనతోని కాయితం రాయించుకో. లింగవ్వను మాత్రం ఖాళీ చేయించకు.

హర్షిణి

పొద్దున నా మోచేతి మీద దెబ్బేందని అడిగినవు కదా. నేను పద్ధతిగా గడప కాడ చెప్పులు విడిచిపోయి, ఆమె చెప్పకముందే నల్లా పట్టుకున్న. కట్టెతోని కొట్టి విడిపించింది లింగవ్వనే. అమ్మకు చెప్పకు.