చూపు మధ్యలో మసక

రాయగడ,
9 ఆగస్టు 2009

దుర్గా,

అక్షరాలు వంకరగా ఉన్నాయని కంగారు పడకు. ఒంట్లో జ్వరమేమీ లేదు. ఫోన్లో చెప్పలేకే రాస్తున్నాను. రోజూ లెక్కలు రాసుకునేవాణ్ణి కదా, ఉత్తరం కూడా అలాగే ఉంటుంది. ఏమనుకోకు.

డీవీడీ రైటరు విప్పి, అందులోంచి తీసిన ఎర్ర లేజరుతో నేను అగ్గిపుల్ల వెలిగించిన రోజు నీకు గుర్తుండే ఉంటుంది. "ఇల్లు కూడా అంటించీగలరు మీరు, బీమా కట్టేరేటి?" అని నవ్వావు. ఆ చుక్క గోడమీద పడితేనే ఇద్దరం కళ్ళు చికిలించుకున్నాం. మనల్ని కాపాడింది ఆ మెరుపేనని అప్పుడు నాకు తెలియలేదు. తర్వాత ఇంటర్‌నెట్ సెంటర్లో చదివి ఇన్‌ఫ్రారెడ్ లేజరు తెప్పించాను. ఎర్ర లేజరు కొనే ధరకే దానికన్నా ఎన్నో రెట్లు శక్తి, చెక్కని కూడా కాలుస్తుంది. వెలుతురు మాత్రం కనబడదు. ఎందుకు తెప్పించానంటావా? ఇష్టం, అంతే.

ఈ వేసవిలోనే దానికి కరెంటు ఇస్తే ఆరిపోతున్న నిప్పులా కాస్త మినుకుమంది. పాడైందనుకున్నాను. టీవీ రిమోట్లోంచి వచ్చేదీ కనబడని వెలుతురే. షాపులో రిమోట్లు బాగుచేస్తూ ఇన్నేళ్ళుగా వాటిని కంటి దగ్గర పెట్టుకుని చూస్తున్నాను, ఏమీ కాలేదు. దీన్నీ అలాగే చూశాను. మెరుపు లేదు, నొప్పి లేదు, అందుకని రెప్ప పడలేదు. తలెత్తేసరికి గోడ గడియారంలో ముళ్ళు లేవు.

ఎడమ కన్ను నాకు చిన్నప్పటినుంచీ మందమని నీకు తెలుసు. పోయింది కుడి కన్ను. చుట్టూ ఉన్నవి తెలుస్తాయి. దేన్ని సూటిగా చూస్తే అదే మసకలో పడిపోతుంది. సరుకు తేవడానికని నీతో చెప్పి కొరాపుట్ వెళ్ళింది కంటి డాక్టరు కోసమే. "సూర్యుణ్ణి చూశావా?" అని అడిగారాయన. కంటి లోపల నడిమధ్య కాలిపోయిందని, పోయిన చూపు తిరిగి రాదని అన్నారు.

తిరిగొచ్చిన రోజు నువ్వు కొత్త ముక్కుపుడక పెట్టుకుని వచ్చి ఎలాగుందని అడిగావు. నేను నీ చెవి వైపు చూశాను. అటు చూస్తేనే నీ మొహం ఓ పక్కన కాస్త తెలుస్తుంది. "ముక్కుది అడిగితే సెవిని సూసి బాగుందంతారేటి?" అన్నావు. అప్పుడైనా చెప్పాల్సింది. మర్నాడు నువ్వు మునిగుడ, మీ అమ్మ దగ్గరకి వెళ్ళిపోయావు.

షాపు మూసేశాను. సోల్డరింగు ఐరన్ కొన కనబడనివాడు ఏం బాగుచేస్తాడు? ఇలాంటివాడి దగ్గరకి తిరిగి రమ్మని నిన్ను అడగను. నీ ఇష్టం ఏదైనా నాకు సమ్మతమే.

నీ
తాతాజీ

మునిగుడ,
14 ఆగస్టు 2009

ఏమండీ,

మీ ఉత్తరం మా అమ్మ కంట పడకుండా పెరట్లో కూర్చుని చదివాను. ఇంకెవరి చేతా చదివించుకోకుండా మీరే ఎడమ కంటితో మెల్లగా చదువుకోవాలని పెద్ద పెద్ద అక్షరాలతో రాస్తున్నాను.

మీకు తెలియనిది కూడా ఒకటుంది. వేసవి చివర్లో నా పెదవి పక్కన తెల్లమచ్చ లేచింది. బొల్లి అన్నారు. మొదట చింతగింజంత ఉండేది, ఇప్పుడు ముక్కు దాకా పాకింది. బజారులో ఆడవాళ్ళు నన్ను చూడగానే మాట్లాడుకోవడం ఆపేసేవారు. మీరు మాత్రం ఏమీ అనలేదు, పక్కకి చూడటం మొదలుపెట్టారు. అసహ్యమనుకున్నాను. మీ కళ్ళు మచ్చ మీదకి పోకుండా ఉంటాయనే ఆ ముక్కుపుడక కొనుక్కున్నాను. ఇక్కడికొచ్చాక మా అమ్మ, "మొగుడే సూడనప్పుడు ఇంకెవులు సూస్తారే అమ్మీ, ఇక్కడే ఉండిపో" అంది. ఉండిపోదామనే అనుకున్నాను.

మీరు నా మచ్చ చూడనేలేదని ఉత్తరం చదివాకే తెలిసింది. ముందు సంతోషం వేసింది. ఎందుకు చూడలేదో గుర్తొచ్చి, అలా సంతోషించినందుకు సిగ్గేసింది. చీకటి పడేదాకా లోపలికి వెళ్ళలేకపోయాను.

మీకు గుర్తున్న మొహం ఇప్పుడు నాకు లేదు. అద్దంలో వెతికినా దొరకదు. అది మీ ఒక్కరి దగ్గరే ఉంది.

నీ ఇష్టం నాకు సమ్మతమే అని ఇంకెప్పుడూ రాయకండి. సోమవారం పొద్దుటి పాసింజరుకి వస్తున్నాను. స్టేషనుకి రావద్దు, రోడ్డు మీద లారీలుంటాయి. ఇంటికొచ్చాక మీ వేలు పట్టుకుని మచ్చ ఎక్కడిదాకా వచ్చిందో చూపిస్తాను. చేతికి తేడా ఏమీ తగలదు. అయినా మీకు తెలియాలి.

మీ
దుర్గ