బరువు తగ్గించుకోండి, వదినగారూ

వదినగారికి, మీ వియ్యపురాలు నమస్కరించి రాసేది.

మీ అబ్బాయీ మా అమ్మాయీ కలిసి మనిద్దరి పేర్లూ కొండల టూరుకి ఇచ్చేశారు, తెలిసే ఉంటుంది. ఆకులు రాలే ఈ కాలంలోనే ఆ మంచుకొండలు చూసి తీరాలట. వారం రోజులు ఒకే గదిలో ఉంటే అమ్మలిద్దరికీ మాటలు కలుస్తాయని వాళ్ళ ఎత్తు. పెళ్ళయి ఏడాదైనా మనం “బాగున్నారా”, “బాగున్నాం” దాటలేదు మరి. ఫోనులో అయితే పిల్లలు పక్కనుంచి సైగలు చేస్తారని ఉత్తరం రాస్తున్నాను.

అక్కడ గాలి పల్చన, చలి చిక్కన. మలుపుల రోడ్డు, చిన్న జీపులు. అందుకే టూరు మేనేజరు బరువు దగ్గర మహా పట్టుదల మనిషి. పెళ్ళిలో చూశాను కాబట్టి చనువుగా చెబుతున్నాను: మీరు సగానికి సగం తగ్గించుకోవాలి. ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైనదాన్ని, మాట సూటిగా వచ్చేస్తుంది. ఏమీ అనుకోకండి.

ఇట్లు,
మీ వదిన

తా.క.: ఆ రోజు ఇద్దరు మగాళ్ళు పట్టుకుని తోస్తే గానీ కారెక్కలేదు, గుర్తుందా?

* * *

హెడ్ నర్సు వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి బేకరీ కౌంటరు వెనకాల కాసేపు కూర్చుండిపోయాను. కుర్చీ ఓర్చుకుంది.

రొట్టెలూ బిస్కట్లూ చేసుకుని బతికేవాళ్ళం. కేకు కుదిరిందో లేదో నోట్లో వేసుకోకుండా ఎలా చెప్పను? అయినా పెద్దవారు, ఒక మాటన్నారు. నిన్నటి నుంచి వెన్న ముట్టడం లేదు. పిండి బస్తాలుండే మేడగదికి పొద్దునా సాయంత్రం ఎక్కి దిగుతున్నాను. ఎక్కడెక్కడ తగ్గించాలో కూడా తమరే సెలవిస్తే ధన్యురాలిని.

ఇట్లు,
మీ అల్లుడి అమ్మ

తా.క.: ఆ రోజు కారు తలుపు చిన్నది.

* * *

వదినగారికి నమస్కారాలు.

మీరు నొచ్చుకుంటారేమోనని భయపడ్డాను. ఎంత మంచి మనసండీ మీది! అడిగారు కాబట్టి చెబుతున్నాను.

పైపైన తీస్తే లాభం లేదు. అసలు బరువంతా అడుగున పేరుకుని ఉంటుంది. మధ్యలో ఉబ్బెత్తుగా ఉన్నచోట మోకాలితో గట్టిగా అదిమి, చుట్టూ బెల్టు బిగించండి. పాతకాలపుది కదా, ఎంత తగ్గించినా ఆకారం మారదు, దానికి మనం చేసేదేం లేదు. అప్పటికీ జిప్పు పడకపోతే మా తమ్ముణ్ణి పంపుతాను. తాళాల షాపు పెట్టాడే, వాడే. వచ్చి మీద కూర్చుంటాడు. నాకు ఎప్పుడూ వాడే కూర్చుంటాడు.

చేతులకి ఉన్ని తొడుగులు మర్చిపోకండి.

ప్రేమతో,
మీ వదిన

తా.క.: వాడు కాస్త ఎగిరెగిరి కూర్చుంటాడు. మొహమాటపడకండి.

* * *

నర్సుగారికి,

మీ ఉత్తరం మా ఆయనకి చదివి వినిపించాను. నా మీద ఈగ వాలినా సహించని మనిషి, మీ తమ్ముడు కూర్చుంటానంటే ఊరుకుంటారా? పిండి చేతులతోనే, అప్పడాల కర్ర పట్టుకుని బయల్దేరారు, తాళాల షాపు ఎక్కడా అని అడుగుతూ.

టూరుకి నేను రాను. ఎవరైనా పల్చని మనిషిని చూసుకోండి. మా కోడలు బంగారం, ఆ పిల్లకి దీనితో ఏ సంబంధమూ లేదు. మీతో మాత్రం నాకు ఇక మాటల్లేవు.

ఇట్లు,
పాతకాలపుది

తా.క.: నాలుగు కిలోలు తగ్గాను. మీ కోసం కాదు.

* * *

వదినగారూ, వదినగారూ!

పెట్టెండీ! సూట్‌కేసు! పెళ్ళికి మీరు తెచ్చిన ఆ ఎర్ర సూట్‌కేసు గురించండీ నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది! మిమ్మల్ని అంత మాట అంటానా? లెంపలు వేసుకుంటున్నాను. మా తమ్ముడు మూడు రోజులుగా షాపు తెరవలేదు. ఎక్కడ దాక్కున్నాడో ఏమో, పాపం.

ఇంకో సంగతి, రాయడానికి సిగ్గుగా ఉంది. టూరుకి డాక్టరు కాగితం కావాలన్నారు కదా, వెళ్ళాను. గుండె విని, “బరువు తగ్గించాలమ్మా” అన్నారు. ఇంటికొచ్చి రెండు దుప్పట్లూ ఇస్త్రీపెట్టే తీసేసి, సూట్‌కేసు మోసుకుంటూ మళ్ళీ వెళ్ళి ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన దాని వంక చూసి, నా వంక చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పల్చని గాలికి నా గుండె తట్టుకోదట. వార్డులో ఎంతమందికి చెప్పానో ఇదే మాట! నా దాకా వస్తే అర్థం కాలేదు.

నేను కొండలకి వెళ్ళకూడదు. మీరైనా వెళ్ళిరండి. మేడమెట్లు ఎక్కినవారు కొండలు ఎక్కగలరు.

క్షమాపణలతో,
మీ వదిన (మీరు ఇంకా అలా అనుకుంటే)

తా.క.: అన్నయ్యగారిని కర్ర కింద పెట్టమనండి.

* * *

వదినగారికి,

ఎప్పుడో పెట్టేశారు. మీ తమ్ముడు ఎక్కడా దాక్కోలేదు. మా ఆయన కర్ర ఎత్తేసరికి, “పెట్టె మీదండీ బాబూ, పెట్టె మీద!” అని అరిచాడట. కర్ర దించి ఈయన ఒకటే నవ్వు. అప్పటినుంచి మీ తమ్ముడి మకాం మా బేకరీలోనే. ఓవెను తలుపు కూడా బాగుచేశాడు. ఇద్దరూ చిన్నప్పటి స్నేహితుల్లా తిరుగుతున్నారు.

మీ గుండె సంగతి చదివాక నాకు కొండలూ వద్దు, ఏమీ వద్దు అనిపించింది. మీరు లేకుండా ఆ గదిలో ఒక్కదాన్నే ఏం చేయను? సీట్లు పాడు చేయడం ఎందుకని, మన పేర్లు కొట్టించి మా ఆయన పేరూ మీ తమ్ముడి పేరూ రాయించాను. ఈ ఉదయమే బయల్దేరారు. చెరో చిన్న సంచీ! పిల్లలు ఇంకా తల పట్టుకునే ఉన్నారు.

మీరు ఆదివారం వచ్చేయండి. ఆ వారమంతా మా ఇంట్లోనే. డాక్టరు ఎంత నడవమంటే అంతే నడుద్దాం. చప్పటి తిండి ఇద్దరం కలిసి తిందాం. మంచాలు రెండూ ఒకే గదిలో వేయించాను.

ఇట్లు,
మీ వదిన

తా.క.: నాకు గురక ఉంది. సంబంధం మాట్లాడినప్పుడు చెప్పలేదు. మా అబ్బాయికీ ఉంది, అదీ చెప్పలేదు.