ఉద్యోగం మానమన్నావు, బావా

చోడవరం,
20-9-1957

బావకు,

నూకరత్నం నమస్కరించి రాస్తున్న జాబు. ఇక్కడ నేనూ అత్తా ఆరోగ్యంగానే ఉన్నాం. సముద్రం మీద నీకు ఏ ఆపదా రాకూడదని రోజూ దండం పెట్టుకుంటున్నాను.

రంగూన్ నుంచి నువ్వు వేసిన కవరు ఎప్పటిలాగే ఆఫీసు చిరునామాకి అందింది. అత్త మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయని అడిగావు. వానలు పట్టాయి కదా, పొద్దున్నే లేవలేకపోతోంది. కాస్త ఎండ పొడిస్తే తిరుగుతుంది. నల్లగేదె ఈనిందట, పెయ్యదూడ. నేను చిక్కిపోయానా అని అడిగావు. చిక్కే ఉంటాను. అద్దం చూసుకునే తీరిక ఉండటం లేదు.

రంగూన్‌లో ఆడవాళ్ళు బజారులో దుకాణాలు నడుపుతుంటే, మొగుళ్ళు పిల్లల్ని ఎత్తుకుని పక్కన కూర్చుంటారని రాశావు. ఇంగ్లండు రేవులో ట్రాము ఎక్కితే ఒకామె నీకు టిక్కెట్టు ఇచ్చిందనీ, ఆమెను ఎవరూ వింతగా చూడలేదనీ, ఆ దేశాలు అందుకే బాగుపడ్డాయనీ రాశావు. చదువుతుంటే ఎంత సంతోషమేసిందో! ఆ కిందనే, "నువ్వు సైకిలు మీద ఊళ్ళు తిరగడం నలుగురిలో బాగులేదని అన్నయ్య రాశాడు. నేను వచ్చేలోగా ఉద్యోగం మానెయ్యి" అన్నావు. ఆ ముక్క అత్తకి చదవలేదు.

నాకు కోపం రాలేదు బావా. నీరసం వచ్చింది. గ్రామసేవికగా చేరిన దగ్గర్నుంచి ఈ మాట ఎంతమంది నోట విన్నానో.

రోలుగుంట దారిలో సత్యారావు అని ఒక చెరుకు రైతు ఉన్నాడు. వాళ్ళ ఊళ్ళో మహిళా మండలి పెడదామని వెళితే, గట్టు మీద కూర్చుని చుట్ట కాలుస్తూ, "ఆడది జీతానికెల్తే ఇల్లు సెడిపోద్దమ్మా. మా ఇంట అలాటివి నేవు" అన్నాడు. ఆయన వెనకే భార్య మంగాయమ్మ నడుం వంచి కలుపు తీస్తోంది. "మరి ఈమె చేసేదేమిటండీ?" అన్నాను. "అది పనేటి? మన సేనే కదా" అన్నాడు. మంగాయమ్మ తలెత్తి నన్ను ఒకసారి చూసి, మళ్ళీ వంచేసింది.

బజారులో దర్జీ బడేసాహెబ్ నీకు తెలుసు. తమ ఆడవాళ్ళు గడప దాటరని గొప్పగా చెబుతాడు. దాటరు, నిజమే. తెర వెనక అతని భార్య సాలెహా పొద్దస్తమానం కాజాలు కుడుతూనే ఉంటుంది. ఊరంతా ఆ కాజాలను మెచ్చుకుంటుందని ఆమెతో అంటే, "ఆయన పేరే సెప్పండమ్మా, నా పేరెందుకు" అని నవ్వింది.

మా ఆఫీసరుగారు బాగా చదువుకున్నవారు. స్త్రీల గురించి చక్కటి ఉపన్యాసం ఇస్తారు. అది అవగానే నావైపు తిరిగి, "కాఫీల సంగతి చూడండి" అంటారు. నాతో సమానంగా జీతం తీసుకునే మగవాళ్ళు కుర్చీల్లో కూర్చునే ఉంటారు.

ఇంత రాశాక, దాచిన మాట కూడా చెప్పాలి. నా మీద నీకు రాసిన పెదబావ ఇది మాత్రం రాసి ఉండడు. మేము ఇప్పుడు మన ఇంట్లో లేము. శ్రావణమాసంలోనే వచ్చేశాం.

ఆ రోజు నేను డ్యూటీకి బయలుదేరేసరికి పెదబావ సైకిలును ధాన్యం గదిలో పెట్టి తాళం వేసేశాడు. అడిగితే, "ఇయ్యను. నువ్వు మొగోల్ల మజ్జిన తిరుగుతంటే సంతలో నా మొకం సూసి నవ్వుతన్నారు. ఎల్తే ఎల్లిపో, మరి రాకు" అన్నాడు. నేను లోపలికి వెళ్ళాను. చీరలు సంచీలో పెట్టుకుంటున్నాను. అత్త పెరట్లోంచి పేడచేతులతోనే వచ్చింది.

"ఒరే పెదబాబూ, మీ అయ్య పోయినకాణ్ణించి ఊడుపులకెల్లేను, కోతలకెల్లేను, సున్నం మోసేను. అప్పుడు నీకు సిగ్గు నేదు. ఇది జీతం తెస్తంటే సిగ్గొచ్చిందేటిరా?"

"నీ సంగతి వేరమ్మా. అప్పుడు గతి నేక ఎల్లేవు."

"గతి నేక ఎల్తే మరియాద, సదువుకుని ఎల్తే తప్పా?" అని చేతులు కడుక్కుని, రెండు కోకలు మూట కట్టుకుని నాకంటే ముందు వీధిలోకి నడిచింది.

బడేసాహెబ్ పెరటి వైపు గది అద్దెకిచ్చాడు. ఇచ్చేముందు, "మీ ఆయన ఒప్పుకున్నాడా?" అని అడిగాడు. "నాను ఒప్పుకున్నాను" అంది అత్త. సైకిలు ఆఫీసుదని చెప్పి, మాతో పనిచేసే బంగార్రాజు వెళ్ళి అడిగితే, పెదబావ మారు మాట్లాడకుండా ఇచ్చేశాడట. మగవాడు అడిగాడు కదా.

ఇక్కడ సుఖంగా ఉన్నామని రాయను. అత్త మనవల్ని తలుచుకుని అన్నం ముందు కూర్చుని ఏడుస్తుంది. పెదబావ మీద ఈగ వాలనివ్వదు, "ఆడూ నా కొడుకే" అంటుంది. నాకూ ఒక్కోరోజు బురదలో సైకిలు తోసుకుంటూ, మానేస్తే పోతుంది కదా అనిపిస్తుంది. కానీ మొన్న మంగాయమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని మండలికి వచ్చింది. మొగుడికి చెప్పకుండానే వచ్చిందట.

ఉద్యోగం మానమనడానికే అయితే నాకు మళ్ళీ జాబు వెయ్యకు. ఓడ విశాఖపట్నం చేరగానే నువ్వే రా. ఎదురుగా కూర్చుని చెప్పు, వింటాను. మానేస్తానని మాత్రం అనుకోకు.

ఇట్లు,
నీ మేనమామ కూతురు, నీ భార్య
నూకరత్నం