మీ తమ్ముడు అడిగిన ప్రశ్న

ఏమండీ,

ఈరోజు మీ జ్ఞాపకార్థ కూటం. పాస్టరుగారు ప్రార్థన ముగించాక మన మనవరాలు గ్రేసీ ల్యాప్‌టాప్ తెరిచి మెదడు అట్లాసు చూపించింది. చనిపోయినవారి ఇళ్లవాళ్లు ఇచ్చిన మెదళ్లతో తయారుచేసి ఇంటర్నెట్‌లో పెట్టారట. తెరమీది మెదడు బొమ్మలో ఎక్కడ నొక్కితే అక్కడ ఏ జన్యువు ఎంత చురుగ్గా పనిచేస్తుందో రంగుల్లో కనిపిస్తుంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. మన రసాల చెట్టు అంటుకొమ్మలు అడిగినవాళ్లందరికీ కోసిచ్చిన మీకు ఇది ఎంత నచ్చేదో!

మీ తమ్ముడు కళ్లజోడు సర్దుకుని దగ్గరికొచ్చాడు. ఏడాదిగా అతనికి మతిమరుపు జబ్బు.

"నా జబ్బుకి మందు ఇందులో దొరుకుద్దా అమ్మా?"

"మందు ఉండదు తాతయ్యా. మందు వెతికేవాళ్లు దీన్ని చూస్తారు. ఇంకా చాలా మెదళ్లు కావాలంట, మనలాంటి వాళ్లవి కూడా."

నాకు ఒళ్లు మండిపోయింది. మీ మెదడు పరిశోధనకివ్వమని మీరు సంతకం పెట్టి పోయారు. మీరు పోయిన రోజు ఇతనే డాక్టర్లకు అడ్డం నిలబడి, "మెదడు లేకుండా పాతిపెడితే పునరుత్థానం రోజున అన్నయ్య ఎలా లేస్తాడు?" అని వీధంతా వినేలా అరిచాడు. వాళ్లు మెదడు కోసం తెచ్చిన పెట్టెను ఖాళీగానే వెనక్కి పట్టుకెళ్లారు. ఇన్నాళ్లూ దిగమింగిన మాటలు ఈరోజు అనేద్దామని లేచాను.

అంతలో అతనే నా వైపు తిరిగాడు.

"అన్నయ్యది ఇచ్చుంటే బాగుండేది కదా వదినా. ఎవరు అడ్డుపడ్డారు?"

నిజంగానే అడుగుతున్నాడండీ.

"నువ్వేనయ్యా," అన్నాను.

అందరి ముందూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. రేపటికి మరిచిపోయి మళ్లీ అడుగుతాడు. మళ్లీ చెబుతాను.