పొయ్యి పక్కన పాతిన కుండలు

ప్రియమైన పిట్టకి,

ఈ గుట్ట మీద సిగ్నల్ లేదు. సరుకులకి వెళ్లే జీపు డ్రైవరు చేతిలో ఈ ఉత్తరం పెడుతున్నాను. మేం తవ్వుతున్నది, లోహమంటే ఏమిటో ఇంకా తెలియని, వేల ఏళ్లనాటి మనుషుల ఊరు. నా వంతుకి ఒక ఇల్లు వచ్చింది. గుండ్రటి మట్టిగోడ అడుగు, మధ్యలో పొయ్యి, నూరి నూరి గుంటపడ్డ రాయి.

నిన్న పొయ్యి పక్కన నేలలో చిన్న కుండ బయటపడింది. లోపల, పుడుతూనే పోయిన బిడ్డ. ఎముకలు అగ్గిపుల్లలంత ఉన్నాయి. నీకు రాయకూడదనే అనుకున్నాను. కానీ నీ పాప పోయినప్పటినుంచి ఎవరూ నీ దగ్గర ఆ మాటే ఎత్తడం లేదని పోయినసారి నువ్వే ఏడ్చావు. అందుకని ఎత్తుతున్నాను. కోపం వస్తే తిట్టు.

నీ అక్క


అక్కా,

కోపం రాలేదు. రెండోసారి కూడా చదువుకున్నాను. ఇక్కడ అందరిదీ ఒకటే పాట. "వయసుంది కదా, మళ్లీ పుడతారులే" అంటారు, కప్పు పగిలితే ఇంకోటి కొనుక్కోమన్నట్టు. పాప మాట వస్తే నీ మరిది బస్సు డిపో సంగతులు మొదలెడతారు. నేను స్కూలు యూనిఫారాలు కుడుతూ కూర్చుంటాను. పాపని ఎక్కడ ఉంచి వచ్చారో కూడా ఆయన చెప్పరు.

పొయ్యి పక్కనే ఎందుకు పాతారు? వెచ్చగా ఉంటుందనా? ఆ తల్లికి తర్వాత పిల్లలు పుట్టారా? ఉన్నదున్నట్టు రాయి.

నీ పిట్ట


బంగారు పిట్టా,

ఎందుకో ఎవరికీ తెలియదు. "ఊహలొద్దు, కొలతలు రాయండి చాలు" అంటారు మా పెద్దాయన, ఈ తవ్వకాల అధికారి. అలాంటి మనిషి నిన్న ఆ కుండల ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు లేవలేదు. కుండలన్నాను కదూ. ఇంకో మూడు దొరికాయి, అన్నీ ఆ పొయ్యి చుట్టే. నలుగురూ ఒకే తల్లి పిల్లలని, ముందే ల్యాబుకి పంపిన ఎముక ముక్కల డీఎన్ఏ పరీక్షలో తేలింది.

ప్రతిసారీ గుంట పూడ్చి, పైన ఎర్రమట్టితో అలికారు. మట్టి మీద వేళ్ల జాడలు అలాగే ఉన్నాయి, నా వేళ్లకంటే సన్నవి. ఆ నేల మీదే వండుకున్నారు, ఆ నేల మీదే పడుకున్నారు. ఇక గోడవైపు మొదలుపెడతాం.

అన్నం మానేయకు.

అక్క


ప్రియమైన అక్కకి,

కూర్చుని చదువు. నాకు మళ్లీ కడుపు. ఐదో నెల వచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దనుకుని నీకూ చెప్పలేదు. "బీపీ కొంచెం ఎక్కువుంది, జాగ్రత్త" అంది డాక్టరమ్మ. ఇంట్లో ఇద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వబోయి ఆగిపోతున్నాం.

కుడుతున్నప్పుడల్లా ఆ అలికిన చేతులే గుర్తొస్తున్నాయి. నలుగురు పోయాక కూడా ఆమె పొయ్యి వెలిగించింది కదా. గోడవైపు తవ్వారా? ఆమె ఏమైంది? ఐదోసారైనా బిడ్డ బతికే ఉంటుంది కదూ?

నీ సమాధానం కోసం చూస్తూ,
పిట్ట


చిట్టి పిట్టా,

ఆలస్యానికి ఏమీ అనుకోకు, ఇక్కడ ఒకటే వానలు. నీ కబురు చదివి జీపు పక్కనే నిలబడి నవ్వుకున్నాను.

గోడవైపు తవ్వాం. ఏమీ లేదు. ఆ ఇల్లు వదిలి మంచి చోటుకి వెళ్లిపోయి ఉంటారు. ఆమె ముసలిదై మనవల్ని ఎత్తుకునే ఉంటుంది. నువ్వింక ఆ సంగతి మర్చిపో. చిన్న నొప్పికీ, తలనొప్పికీ బెదిరిపోయి ఆసుపత్రికి పరుగెత్తకు. భయపడితేనే నీకు చేటు. కాన్పుకి నేనుంటాను. స్వెటర్ అల్లుతున్నాను, ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి వచ్చింది.

నీ అక్క


అక్కా,

నీ మరిది పంపిన కబురు అందే ఉంటుంది. బాబు. ఏడో నెల. బతకలేదు. నేను బతికాను.

కాన్పుకి ముందే, ఆ పొయ్యి తల్లి ఫోటో పేపర్లో చూశాను. పేపరు ఆయన దాచారు గానీ, కుట్టిన బట్టలు చుట్టడానికి వెతుకుతుంటే నా చేతికే దొరికింది. గోడవారన ఒక పక్కకి ఒత్తిగిలి ఉంది. కడుపులో ఐదో బిడ్డ. ఇద్దరూ కాన్పులోనే పోయారని రాశారు. నువ్వు "ఏమీ లేదు" అని రాసేనాటికే ఆ పేపరు వచ్చేసింది.

కోపం రాలేదని అనను. కొన్నాళ్లు నీకు రాయాలనిపించలేదు. తర్వాత ఒకరోజు మిషను ముందు కూర్చున్నాను. తల పగిలిపోతున్నంత నొప్పి, కళ్ల ముందు మెరుపులు. నీ మాటే నమ్ముకుని ఉంటే, ఆయన డ్యూటీ దిగి వచ్చేదాకా పడుకుని ఉండేదాన్ని. ఆమె కళ్లముందు మెదిలింది. సూది కింద గుడ్డ అలాగే వదిలేసి, దొరికిన బండి ఎక్కాను. "ఇంకాస్త ఆలస్యమైతే నువ్వు కూడా దక్కేదానివి కాదు" అంది డాక్టరమ్మ.

నర్సు బాబుని తీసుకెళ్లిపోతుంటే, "ఇటివ్వండి" అన్నాను.

"చూడకపోతేనే మంచిదమ్మా."

"పోయినసారీ ఇదే అన్నారు. ఇటివ్వండి."

చూశాను అక్కా. ముక్కు ఆయనదే. ఆయన కూడా ఎత్తుకున్నారు. ఎత్తుకుని గోడవైపు తిరిగి నిలబడి, మా పెళ్లయ్యాక మొదటిసారి నా ఎదుట గట్టిగా ఏడ్చారు. పాపని ఎక్కడ ఉంచారో అప్పుడు చెప్పారు. బాబుని ఆ పక్కనే ఉంచాం.

తవ్వి తీసినవాటిని ఒక్కో పెట్టెలో సర్ది, తలో ఊరి ల్యాబుకీ పంపుతారటగా, పేపర్లో రాశారు. ఆ నలుగురినీ ఆమె దగ్గరనుంచి విడదీయొద్దని మీ పెద్దాయనకి చెప్పు. కుదరదంటే నాకు రాయి, దాచకుండా. లేచి తిరగగలిగిన రోజున నేనే వచ్చి ఆయన్ని అడుగుతాను.

నీ పిట్ట