లామినేషన్ చేసిన దస్తావేజు

జూన్ 3

బీరువా తాళం చెవి మొత్తానికి నా చేతికొచ్చింది. నాన్న పోయాక ఫ్యాక్టరీ కాగితాలన్నీ అన్నయ్యే చూసేవాడు. ఆ చూడటం ఎలా ఉందో ఈ రోజు బీరువా తెరిచాక తెలిసింది. ఐసు ఫ్యాక్టరీలో గోడలకే చెమట పడుతుంది, ఇక కాగితాలు ఒక లెక్కా? లైసెన్సుల నిండా బూజు. స్థలం దస్తావేజు మడతల దగ్గర ఊడిరావడానికి సిద్ధంగా ఉంది. నాన్న సంతకం ఉన్న పేజీని రెండు అరచేతుల మీద పెట్టుకుని బయటికి తీశాను.

అన్నీ జిరాక్స్ షాపుకి మోసుకెళ్ళి లామినేషన్ చేయించాను. దస్తావేజుని ఏ పేజీకా పేజీ విడదీసి మరీ. స్కాన్ చేసి క్లౌడ్‌లో పెట్టాను. ఫోల్డర్లు కొన్నాను, లేబుళ్ళు అంటించాను. సాయంత్రం అన్నయ్య వచ్చి ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. ఈ పని నీకు ఎప్పుడో ఇవ్వాల్సింది అన్నాడు. అన్నయ్య నోటి నుంచి అంత మాట రావడం మామూలు విషయం కాదు. ఈ రోజు నాకు నేనే ముద్దొస్తున్నాను.

జూన్ 4

మీ అన్నయ్యని కూడా లామినేషన్ చేయించు, రోజూ తడిసి ఇంటికొస్తున్నాడు అని వదిన.

ఆగస్టు 19

కోర్టు నోటీసు. పక్క గోడౌనాయన కేసు వేశాడు. మన బోరు ఉన్న జాగా తనదట. మన దస్తావేజు దొంగదట. బోరు పోతే నీళ్ళు లేవు, నీళ్ళు లేకపోతే ఐసు లేదు, ఐసు లేకపోతే మేం లేం.

అన్నయ్య నవ్వేశాడు. ఒరిజినల్ మన బీరువాలో నిక్షేపంలా ఉంది, వాడు గింజుకోనీ అన్నాడు. సెప్టెంబరు ఆరున కోర్టులో పెట్టాలి. లాయరు దగ్గరికి నన్నే వెళ్ళమన్నాడు.

ఆగస్టు 22

లాయరు గారు దస్తావేజు చేతిలోకి తీసుకుని లైటుకి ఎదురుగా పెట్టి చూశారు. వంచి చూశారు. ఎవరు చేశారమ్మా ఈ పని అని అడిగారు.

అప్పటికీ నాకు అర్థం కాలేదు. నేనే చేయించానండీ అన్నాను, మెచ్చుకుంటారేమోనని.

ఆవిడ మెల్లగా చెప్పారు. దొంగ కాగితం అని అవతలివాళ్ళు అంటున్నప్పుడు నిపుణుడు చూడాలి. స్టాంపు పేపరు పట్టి చూడాలి, సీలు తడిమి చూడాలి, సిరా పరీక్ష చేయాలి. ప్లాస్టిక్ కింద ఏం చూస్తారు? పైగా ఎందుకు తొడిగారంటే మనం ఏం చెప్తాం? గుట్టు దాచడానికే అంటారు వాళ్ళు. దీనికంటే కాగితం పోయి ఉంటేనే నయం అన్నారు. పోయిందని అఫిడవిట్ వేసి రిజిస్ట్రేషన్ ఆఫీసు కాపీ పెట్టుకునేవాళ్ళం కదా అన్నారు. వెంటనే, నేనేదో మాటవరసకి అన్నాను, మీ అన్నయ్యని పంపండి, ఏదో దారి చూద్దాం అన్నారు.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఆ నాలుక నాది కాదు, అన్నయ్యది.

ఆగస్టు 25

ప్లాస్టిక్ ఊడదీయాలి. ఎలాగైనా ఊడదీయాలి.

ముందు ఒక పాత అద్దె అగ్రిమెంటు మీద ప్రయత్నించాను. హెయిర్ డ్రయ్యర్ పెట్టి, అంచు కోసి, గోరుతో లాగాను. అక్షరాలు ప్లాస్టిక్‌తో పాటు లేచొచ్చాయి. కింద మిగిలింది పీచు. జిరాక్స్ షాపతను దాన్ని చూసి, మా లామినేషన్ అంటే అంతేనండీ, జన్మలో ఊడదు అన్నాడు గర్వంగా. అతన్ని కొట్టాలనిపించింది. అతనేం చేశాడు పాపం.

అన్నయ్య ఫోన్ చేసి లాయరు ఏమన్నారని అడిగాడు. అంతా బాగానే ఉందన్నారు అన్నాను.

ఆగస్టు 28

బీరువాలో దస్తావేజు కనబడటం లేదని అన్నయ్యకి చెప్పాను.

చెప్పేశాను. ఇక వెనక్కి తీసుకోలేను.

చించేద్దామనే అనుకున్నాను. కత్తెర పట్టుకుని కూర్చున్నాను కూడా. నాన్న సంతకం దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఇంట్లో దాస్తే వదిన కంట పడుతుంది. ఆఫీసులో దాస్తే అన్నయ్యకి దొరుకుతుంది. మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు ఐసు గడ్డకట్టే ట్యాంకు దగ్గరికి వెళ్ళాను. నీళ్ళు పోసి అందులో దించే ఇనప డబ్బాల్లో, చివరి వరసలో మూల డబ్బాకి పైకి ఎత్తే కొక్కెం విరిగింది. మిషను మావయ్య, అంటే మా ఆపరేటరు, దాన్ని ఎన్నడూ పైకి ఎత్తడు. పేజీలన్నీ కట్టకట్టి, ఇనప ముక్క తగిలించి అందులోకి వదిలాను. డబ్బా నిండా నీళ్ళు పోశాను. రేపటికి దిమ్మ కడుతుంది. ఐసులో ఎవరు వెతుకుతారు?

కేసు అయిపోయాక తీస్తాను. అప్పుడు దొరికిందని చెప్తాను. ఇది నేరం కాదు కదా? కాదు. కాదనే అనుకోవాలి.

ఆగస్టు 30

అన్నయ్య బీరువాని గోడ నుంచి జరిపించాడు. సొరుగులన్నీ నేల మీద బోర్లించాడు. నేనూ పక్కన కూర్చుని వెతికాను, తేలుకుట్టిన దొంగలా. వెతికినట్టు నటించడం ఇంత అలసటగా ఉంటుందని తెలియదు.

ఆ తర్వాత జరిగింది రాయబుద్ధి కావడం లేదు. గోడౌనాయన మనిషితో మిషను మావయ్య టీ బడ్డీ దగ్గర మాట్లాడుతుంటే చూశామని ఎవరో అన్నయ్య చెవిలో ఊదారు. మావయ్య నాన్న చేరదీసిన మనిషి. మమ్మల్ని భుజాల మీద ఎక్కించుకుని ట్యాంకు చూపించిన మనిషి. అన్నయ్య ఆయన్ని సంచీ చూపించమన్నాడు. అందరి ముందూ. మావయ్య సంచీ బల్ల మీద బోర్లించాడు. తువ్వాలు, టిఫిను డబ్బా, కళ్ళజోడు. చూసుకున్నావా నాయనా అన్నాడు. మళ్ళీ అన్నీ సంచీలో సర్దుకుని వెళ్ళిపోయాడు.

నేను అక్కడే ఉన్నాను. నా నోరు ఏమైంది?

సెప్టెంబరు 2

మావయ్య పనిలోకి రావడం లేదు. ఎక్కడి నుంచో కొత్త ఆపరేటర్ని తెచ్చారు.

సెప్టెంబరు 4, మధ్యాహ్నం

పోలీస్ స్టేషన్లో కంప్లైంట్ ఇచ్చి, అక్కడి నుంచి లాయరు దగ్గరికి వెళ్ళాం. ఆవిడ నా ముఖంలోకి చూశారు. నేను తల దించుకున్నాను. నిజంగానే పోయిందా అని అన్నయ్యని అడిగారు. పోయిందండీ అన్నాడు. బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుందని అడిగారు. నా దగ్గరే, నా అజాగ్రత్త వల్లే పోయింది, అలాగే రాయండి అన్నాడు అన్నయ్య.

తాళం నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. జిప్పు మీద నా చెయ్యి ఉంది.

అన్నయ్య అఫిడవిట్ మీద సంతకం పెట్టాడు. నా అబద్ధం కింద ఆయన పేరు. ఆ కాగితం జేబులో పెట్టుకుని బయటికొచ్చి బండి తీస్తూ, నువ్వు బెంగపడకు, కాగితాలు పోతూనే ఉంటాయి అన్నాడు. ఇక చాలు. దిమ్మ తీసి చేతిలో పెట్టి చెప్పేస్తాను. కొట్టినా సరే, ఇంట్లోంచి పొమ్మన్నా సరే.

సాయంత్రం

మూల డబ్బా ఖాళీ.

కొత్త ఆపరేటరు మహా పనిమంతుడు. కొక్కెం లేకపోతే తాడు కట్టి ఎత్తాడట. ఆ దిమ్మ నిన్న పొద్దున్న చేపల వేటకి దూరం వెళ్ళే పడవలకి పంపిన లోడులో పోయిందట. వాళ్ళు దిమ్మలు దిమ్మలుగా తీసుకెళ్ళి సముద్రంలో పగలగొట్టుకుంటారు. అతను ఇదంతా మెచ్చుకోలు కోసం చెప్తున్నాడు. మావయ్య ఉంటే ఆ డబ్బా ముట్టుకునేవాడు కాదు. మావయ్యని పంపించింది ఎవరు?

సెప్టెంబరు 5

ఇప్పుడు అఫిడవిట్‌లో పోయిందన్న మాట నిజం. నాన్న సంతకం సముద్రంలో ఉంది. అన్నయ్యకి ఏం చెప్పను? చూపించడానికి చేతిలో కాగితం కూడా లేదు. చెప్పలేదు.

సెప్టెంబరు 6, ఉదయం ఎనిమిది

రేవు నుంచి ఒక పడవ నడిపే సరంగు ఫోన్ చేశాడు, ఇంజను చెడి రాత్రే వెనక్కొచ్చారట. ఎత్తింది అన్నయ్య. ఐసు పగలగొడుతుంటే మీ నాన్న పేరున్న ప్లాస్టిక్ కాగితాలు బయటపడ్డాయి, వచ్చి తీసుకెళ్ళండి అన్నాడట.

అన్నయ్య నా గది గుమ్మంలో నిలబడ్డాడు. ఎవరు పెట్టారని అడగలేదు. చేతిలో అఫిడవిట్ ఉంది. ఇది కోర్టులో ఇచ్చెయ్యనా, చించెయ్యనా, నువ్వే చెప్పు అన్నాడు.

తీసుకుని చించాను. పది గంటలకి కోర్టు. దారిలో రేవు దగ్గర ఆగాలి. ముందు మావయ్య ఇంటికి పోనీ అన్నాను.