పసుపు పోసిన సంచి

మణెమ్మా, నా రాత వంకర, తప్పులూ ఎక్కువే. ఏమనుకోకు. నువ్వు పోయి నేటికి ఏడాది.

మన బిడ్డ సునీత పనిచేసే ఫ్యాక్టరీలో గ్యాసును నీళ్లలా పారేదాకా ఒత్తి, దాంతో పసుపులోని నూనె లాగుతారు. తర్వాత గ్యాసు ఎగిరిపోయి అచ్చమైన నూనె మిగులుతుంది. ఇవాళ మన ఊరు ఖేడ్ నుంచి మన పసుపు నేనే తీసుకుపోయాను.

ఇనుప డ్రమ్ములో పోశాక ఖాళీ సంచి చూశాను. పత్తికి పురుగుల మందు గుళికలు తెచ్చిన సంచి! దులిపి నింపింది నేనే. సునీత మూత బిగించబోతోంది.

"బిడ్డా, ఆపు!" అని అరిచాను. అందరూ నన్నే చూశారు. "గిది మందు సంచి. నేనే నింపిన."

"గా విషం గూడ నూనెలకొస్తది నాయినా! గీ నూనె జనం మింగే గోలీలల్ల పడ్తది. ముందుగాల చెప్పొద్దా?"

పసుపంతా తీయించింది. పొద్దుగూకినా నాతో మాట్లాడలేదు. ఎట్లా పలకరించాలో నాకు తెలియదు. రాయలేవని తెలుసు, అయినా జల్దీ జవాబు రాయి.